సాంబయ్య రాయించిన అభ్యంతరం

1998 మే నెలలో గుడివాడ నుంచి నన్ను దివిసీమలో ఒక మండలానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. ఊళ్లకు వెళ్లి విచారించి, వాంగ్మూలాలు రాసుకుని, మండల రెవెన్యూ అధికారికి నివేదిక ఇవ్వడం మా పని. దాన్ని నమ్మి ఆయన సంతకం పెడతారు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ల సర్వీసు. నా విచారణకు తిరుగులేదన్న పొగరు కూడా కాస్త ఉండేది.

నేను చేరిన వారానికే మలేషియా నుంచి వరలక్ష్మి గారనే టీచరు వచ్చారు. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. తండ్రి చిన్నతనంలోనే ఇక్కణ్ణుంచి వెళ్లి స్థిరపడ్డా, పిత్రార్జితమైన రెండెకరాల మాగాణి ఆయన పేరనే ఉండిపోయింది. ఇప్పుడాయన పోయారు. పట్టా మారాలంటే ముందు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. చనిపోయిన మనిషికి వారసులెవరో మా ఆఫీసు తేల్చి ఇచ్చే కాగితం అది. "నాన్న పొలం నా పేరన ఉంటే చాలండీ. చేసుకునేది ఎలాగూ మా సాంబయ్యే" అన్నారావిడ. సాంబయ్య ఆవిడ చిన్నాన్న కొడుకు. ఆవిడ తెచ్చిన అస్థికలు హంసలదీవి దగ్గర సంగమంలో కలిపిందీ, గుండు చేయించుకుని ఊళ్లో పెద్దకర్మ చేసిందీ అతనే.

తల్లి ముందే పోయిందనీ, తానొక్కతే సంతానమనీ వాంగ్మూలమిచ్చి, సెలవు అయిపోవడంతో ఆవిడ వెళ్లిపోయారు. ఆ తర్వాత నేను ఊరి పెద్దల్ని విచారించాను.

"వారసుడంటే ఇంకెవరండీ, సాంబయ్యే. కర్మ చేసింది వాడే గదండీ" అన్నారంతా ఒక్క గొంతుతో. పెంచుకున్నారా అని అడిగితే, అలాగే అనుకోండి అన్నాడొకాయన. మా వైపు కర్మ చేసినవాణ్ణి కొడుకుగానే లెక్కేస్తారు. నేనూ ఆ నేల మనిషినే. దత్తత కాగితం అడగాలి, అడగలేదు. పరదేశంలో పెరిగినావిడకి ఇక్కడి సంగతులేం తెలుసులే అనుకున్నాను. కుమార్తె వరలక్ష్మి, దత్తపుత్రుడు సాంబయ్య అని ఇద్దరి పేర్లూ రాసి, అభ్యంతరాలుంటే గడువులోగా తెలపాలంటూ పంచాయతీ ఆఫీసు గోడకు నోటీసు అంటించాను. అదొక తంతు అనుకునేవాణ్ణి.

గడువు ఇంకా రెండు రోజులుందనగా సాంబయ్య ఆఫీసుకొచ్చాడు. గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నోటీసులో నా పేరెందుకు రాశారండీ?"

కర్మ మీరే చేశారు కదా అన్నాను.

"పెదనాన్నకి చేశానండీ, పొలానికి కాదు. అది మా అక్కయ్యది. నా పేరు కొట్టెయ్యండి."

మాట్లాడకుండా ఊరుకుంటే ఎకరం మీదవుతుందనీ, ఆవిడ అంత దూరం నుంచి వచ్చి తగువు పెట్టుకోవడం కష్టమనీ చెప్పాను. చెప్పకూడని మాట. తప్పు ఒప్పుకోవడం ఇష్టంలేక అన్నాను.

"ఆవిడ రాలేదనే గదండీ నేనొచ్చింది. ముందు రాసుకోండి" అన్నాడు.

రాసుకున్నాను, సంతకం పెట్టాడు. ఫైలు తీసుకెళ్లి మా అధికారికి జరిగింది చెప్పాను. "నయం, చేతులు కాలకముందే వచ్చాడు" అని ఆయన విచారణ మళ్లీ మొదటి నుంచి చేయించారు. ఒక్క పేరుతో ధ్రువపత్రం మలేషియా వెళ్లింది. ఆనక పట్టా కూడా మారింది. నా ఉద్యోగానికి మచ్చ రాకుండా కాపాడినవాడు సాంబయ్య. అంతకంటే ముందు ఒక కూతురి హక్కును కాపాడాడు. ఆ మాటే చెప్పి దణ్ణం పెడితే, "భలేవారేనండీ" అనేసి బస్సుకి వెళ్లిపోయాడు. అతనంటే ఈనాటికీ నాకు కృతజ్ఞతే.

అప్పట్నుంచి కర్మ ఎవరు చేశారన్నదీ, సంతానం ఎవరన్నదీ వేరువేరుగా అడుగుతూ వచ్చాను. దత్తత అంటే కాగితం చూడందే కలం కదపలేదు. రిటైరయ్యేలోగా చాలా అభ్యంతరాలు నమోదు చేశాను. అన్నీ తమ పేరు వదిలేశారని వచ్చినవే. తన పేరు రాసినందుకు వచ్చింది ఇదొక్కటే. అది రాకపోయుంటే, నేను తప్పు చేశానని నాకు కూడా తెలిసేది కాదు.