విని, జవాబు చెప్పండి

నా చేతికింద ఇంగ్లీషు చదివినవాళ్ళలో, పదకొండేళ్ళలో, ఎస్సెల్సీలో ఆ సబ్జెక్టు తప్పినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. ఈ మాట మొన్న ఒంగోల్లో మా మేనకోడలి ఇంట్లో కూచుని, ఎవరూ అడక్కుండానే, వీధిలోకి వినబడేంత గట్టిగా చెప్పాను. చెవి మిషను పెట్టుకున్నప్పటినుంచీ నా గొంతు ఎంత పెద్దదో నాకే తెలియడం లేదు.

కంటి ఆపరేషనుకని వెళ్ళి పదిరోజులు అక్కడే ఉండిపోయాను. చదవకూడదు, వంగకూడదు, ఎండలోకి పోకూడదు అని చెప్పి పంపారు కాబట్టి వినడం తప్ప వేరే పని లేదు. ముందుగదిలో మా మేనకోడలి మనవరాలు చెవులకు డిప్పలు తగిలించుకుని కంప్యూటరు ముందు కూచుని ఉంటుంది. చైనాలో హైస్కూలు చదివే పిల్లలకు ఇంగ్లీషు విని అర్థం చేసుకోవడం, చదివి అర్థం చేసుకోవడం నేర్పడం ఆ పిల్ల ఉద్యోగం. ఒక చిన్న కథ నింపాదిగా రెండుసార్లు చదువుతుంది, నాలుగు ప్రశ్నలు వేస్తుంది, అక్కడెక్కడో ఒక కుర్రవాడు, నాకు వినబడడు కానీ, నీళ్ళు నమిలి ఏదో చెబుతాడు కాబోలు. తప్పు చెప్పినా ఈ పిల్లకు కోపం రాదు. మళ్ళీ వింటావా, అని అడుగుతుంది. పాపం వాడు వింటానంటాడేమో, ఈ పిల్ల మళ్ళీ మొదటినుంచీ చదువుతుంది.

ఆ 'మళ్ళీ వింటావా' అన్న ముక్క నాలుగుసార్లు చెవిన పడేసరికి నాకెందుకో ఉండబట్టలేదు. మేమూ చెప్పామమ్మా ఇంగ్లీషు, అంటూ మొదలుపెట్టి పైన రాసిన గొప్ప కాస్తా చెప్పేశాను. ఆ పిల్ల కళ్ళింత చేసుకుని, "నిజంగానా పెద్ద తాతయ్యా? ఒక్కళ్ళు కూడానా?" అంది. పక్కన చాప మీద మిరపకాయలకు తొడిమలు తీస్తున్న మా మేనకోడలు మాత్రం తల ఎత్తలేదు. ఒక కాయ తొడిమ మామూలుకన్నా కాస్త గట్టిగా లాగినట్టు నాకు అనిపించింది.

ఇంటికి వచ్చాక, కన్ను కుదుటపడ్డాక, ఇది రాస్తున్నాను. నా ఈడు వాళ్ళు చదువుతారు కాబట్టి వాళ్ళ దగ్గర దాచడమెందుకు. నేను చెప్పింది అబద్ధం కాదు, సాగదీసిన నిజం. మా చేతికింద ఎవరూ తప్పకపోవడానికి కారణం, తప్పేట్టున్నవాళ్ళను అసలు పరీక్షకే పంపేవాళ్ళం కాదు. ఎస్సెల్సీకి ముందు బళ్ళోనే సెలెక్షన్ పరీక్ష అని ఒకటి పెట్టేవాళ్ళమని మీకు గుర్తుండే ఉంటుంది. అందులో గట్టెక్కినవాడు అసలు పరీక్షకు వెళ్ళేవాడు, ఎక్కనివాడు పొలం వెళ్ళేవాడు. అలా పొలానికి పంపినవాళ్ళ లెక్క నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. అందులో మా మేనకోడలు ఒకతి.

అప్పటికి ఒంగోలు ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉండేది. మా బడి చీరాలకు పడమటగా, ఎటు చూసినా నల్లరేగడి, ఆ రేగడిలో పత్తీ మిరపా తప్ప మరొకటి కనబడని ఊళ్ళో ఉండేది. నాకు ఇరవైనాలుగేళ్ళు, పెళ్ళయి ఏడాది, ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్రసిరా పెన్ను. మిరప కోతల రోజుల్లో మా బడి ఆటస్థలమంతా కల్లమైపోయేది. ఊళ్ళోకెల్లా గట్టినేల అదొక్కటే కావడంతో రైతులందరూ కాయ తెచ్చి అక్కడే ఆరబోసేవాళ్ళు, హెడ్మాస్టరు గారి కాయ కూడా అక్కడే ఆరేది కాబట్టి అభ్యంతరం చెప్పే నాథుడు ఉండేవాడు కాదు. పిల్లలు తుమ్ముతూ ఎక్కాలు చెప్పేవాళ్ళు, నేను తుమ్ముతూ గ్రామరు చెప్పేవాణ్ణి.

నా ఇంగ్లీషు సంగతి కూడా చెప్పేస్తాను. మా తరానికి ఆ భాష కంటితో వచ్చింది కానీ చెవితో రాలేదు. మాకు చెప్పిన అయ్యవార్లు దాన్ని తెలుగు పద్యంలా రాగం తీసి చదివారు, మేమూ అలాగే చదివాము. ఇంగ్లీషు అలవోకగా మాట్లాడే మనిషి ఎదురుగా నిలబడితే నాకు వాన చప్పుడులా వినబడేది. చదివి జవాబులు రాయడానికి మాత్రం మా దగ్గర ఒక కిటుకు ఉండేది. ప్రశ్నలో ఉన్న పెద్దమాట ఒకటి పట్టుకో, అది పాఠంలో ఎక్కడుందో వెతుకు, ఆ వాక్యం మొత్తం ఎత్తి రాసెయ్. అర్థం తెలియనక్కరలేదు. ఈ కిటుకుతో ఎంతమందినో గట్టెక్కించాను, ఇప్పుడు తల్చుకుంటే ఒక్కడికైనా ఒక్క కథైనా తెలిసిందా అని అనుమానం.

మా అక్క కూతురు నా క్లాసులోనే ఉండేది. మా అక్కకు ఉన్న ముగ్గురాడపిల్లల్లో చివరిది, బళ్ళో మాస్టారూ అనీ ఇంటి దగ్గర మావయ్యా అనీ పిలిచేది. మా బావ పది ఎకరాల మిరప రైతు, మనసు మంచిదే కానీ ఆయన మాట అంటే అన్నట్టే. ఆ ఏడు సంక్రాంతి వెళ్ళాక మా అందరి ముందూ తేల్చి చెప్పేశాడు. "ఇదిగో బామ్మర్దీ, పిల్ల సెలెక్టయితే గుంటూరు టీచరు ట్రెయినింగుకు పంపుతా. కాలేదా, పుస్తకాలు అటకెక్కుతాయి, ఇది కల్లంలోకొస్తుంది. మళ్ళీ నాతో వాదించబాక." ఆ పిల్ల గుమ్మంలో నిలబడి విన్నది.

ఆ పిల్లకు ఇంగ్లీషు వినడం ఎలా వచ్చిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఆడవాళ్ళు కూచుని తొడిమలు తీసేవాళ్ళు, పైన పంచాయతీ రేడియో మోగుతుండేది. తెలుగు వార్తలైపోయి ఇంగ్లీషు వార్తలు రాగానే మగవాళ్ళు పైగుడ్డలు దులుపుకుని లేచిపోయేవాళ్ళు, రేడియో గది తాళం ఉన్నవాడు భోజనానికి వెళ్ళిపోయేవాడు కాబట్టి ఆపేవాడు ఉండేవాడు కాదు, తొడిమలు అవలేదు కాబట్టి ఈ పిల్ల లేచేది కాదు. రోజూ అంతే. చేతులు మంటెత్తుతుంటే, ఎవరూ వినమని చెప్పని ఇంగ్లీషు ఏళ్ళ తరబడి విన్నది.

ఆ ఫిబ్రవరిలోనే బళ్ళ ఇన్స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. చెన్నపట్నంలో చదివిన మనిషి, కొత్తగా వచ్చాడు, పుస్తకంలోంచి ఒక పేరా చదివి వినిపించి పిల్లల్ని ప్రశ్నలడుగుతాడని చెప్పుకున్నారు. మాకందరికీ చెమటలు పట్టాయి. అయితే మా తోడల్లుడు పక్క ఊరి బళ్ళో ఇంగ్లీషు మాస్టరు, ఇన్స్పెక్టరు ముందురోజు అక్కడికి వెళ్ళాడు. సాయంత్రం బస్సు కండక్టరు చేతికి చీటీ ఇచ్చి పంపాడు, ఓడ మునిగిన కథ, ఇవీ అయిదు ప్రశ్నలు, అని. అప్పట్లో మాస్టర్లలో ఇది వాడుకే, తప్పని ఎవరికీ తోచేది కాదు. మర్నాడు పొద్దున్నే అయిదు బెంచీలకు అయిదు జవాబులు పంచాను. మొదటి ప్రశ్నకు మొదటి బెంచీ, రెండో ప్రశ్నకు రెండో బెంచీ, వెతుక్కునే పని లేదు. అప్పజెప్పించాను, గడియారం తిరిగినట్టు తిరిగింది.

ఇన్స్పెక్టరు వచ్చాడు. ఆటస్థలం దాటి లోపలికి అడుగు పెట్టేసరికి ఆయనకు తుమ్ములు పట్టుకున్నాయి. పుస్తకం తెరవడం, తుమ్మడం, మళ్ళీ తెరవడం, మళ్ళీ తుమ్మడం. నాలుగోసారికి విసుగెత్తి పుస్తకం మూసేసి బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకుని, గలగలా ఇంగ్లీషులో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఓడ కథే నోటికి చెబుతున్నాడనుకుని నేను తల ఊపుతూ నిలబడ్డాను. నిజానికి ఆయన చెబుతున్నది ఆ పొద్దుటి సంగతి. వాగు దాటుతుంటే జీపు ఇసకలో దిగబడిపోయిందట, పత్తి బోరేలతో పోతున్న బండి ఒకటి ఆగిందట, బండివాడైన సాయిబు తన ఎద్దుల్ని విప్పి జీపుకు కట్టి లాగించాడట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

జీపు ఎక్కడ దిగబడిందని మొదటి ప్రశ్న. మొదటి బెంచీ కుర్రవాడు కొయ్యలా లేచి, కెప్టెను పడవలను దింపమని ఆజ్ఞాపించాడు సార్, అన్నాడు. ఇన్స్పెక్టరు నా వంక చూశాడు. నేను ధైర్యంగా, ఎస్ సర్, కరెక్ట్ సర్, అన్నాను. జీపును ఎవరు లాగారని రెండో ప్రశ్న. నలుగురు నావికులు మునిగిపోయారు సార్, అని రెండో బెంచీ. కరెక్ట్ సర్, అని నేను.

అప్పుడు వెనకనుంచి మా మేనకోడలు లేచింది. "నో సర్. నాట్ కరెక్ట్," అంది. ఆ పైన ఇసకా, ఎద్దులూ, సాయిబూ అంతా తన ముక్కల్లోనే, ఆగి ఆగి, ఇంగ్లీషులో చెప్పేసింది. ఇన్స్పెక్టరు నవ్వినంత నవ్వు అంతకుముందు మా బళ్ళో ఎవరూ నవ్వి ఉండరు. పిల్ల తల నిమిరాడు. వెళ్ళబోతూ నాతో ఏదో ఒక మాట అన్నాడు, అది మాత్రం ఆ గలగల ఇంగ్లీషులో నాకు అందలేదు, ఎందుకైనా మంచిదని తల ఊపాను. అక్క కూతురు కదా, ఆ రోజు నాకు చాలా గర్వమనిపించింది.

మూడు వారాలకు సెలెక్షన్ పరీక్ష. చదివి జవాబులు రాయడానికి ఇచ్చిన పేరా నేనే ఎంచాను. వరదలో ఏరు దాటి ఒక పోస్టుమాను ఒక గుడిసెకు ఉత్తరం తెచ్చి ఇస్తాడు, ఆ ఇంటివాళ్ళు దాన్ని కళ్ళకద్దుకుని అలాగే పట్టుకుని నిలబడతారు. ఉత్తరం ఎందుకు విప్పలేదు, అని ప్రశ్న. క్లాసంతా కిటుకు ప్రకారం 'ఉత్తరం' అన్న మాట ఉన్న వాక్యం ఎత్తి రాసింది. ఈ పిల్ల ఒక్కతే, ఆ ఇంట్లో ఎవరికీ చదువు రాదు, పోస్టుమానే చదివి పెడతాడని ఎదురుచూస్తున్నారు, అని సొంతంగా రాసింది. పేరాలో ఆ మాట లేదు. నేను ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి సున్నా వేశాను. మిగతా ప్రశ్నలకూ అంతే, అన్నీ సొంత మాటలే, అన్నిటికీ గీతలే. నాలుగు మార్కులు తక్కువై ఆగిపోయింది.

ఎందుకలా చేశానంటే, పైన పేపర్లు దిద్దేవాళ్ళు పాఠంలో లేని వాక్యానికి మార్కు వెయ్యరని నా భయం. దానికి తోడు, మాస్టరు సొంత మేనకోడల్ని గట్టెక్కించాడని ఊళ్ళో అనుకుంటారన్న బెరుకు. ఇన్నేళ్ళూ నాకు నేను ఇదే చెప్పుకున్నాను.

మా బావ అన్నమాట ప్రకారమే పుస్తకాలు అటకెక్కించాడు. వేసవి సెలవులిచ్చేదాకా నేను బడికి వెళ్తూ కల్లంలో ఆ పిల్లను చూసేవాణ్ణి, తలకు గుడ్డ చుట్టుకుని కాళ్ళతో కాయను తిరగదోస్తూ ఉండేది. నన్ను చూసి ముఖం తిప్పుకునేది కాదు. అదే కష్టంగా ఉండేది. రెండేళ్ళు అలాగే పోయాయి. తర్వాత తనే మొండికేసి ప్రైవేటుగా కట్టి, మా కిటుకు ప్రకారమే వాక్యాలు ఎత్తి రాసి ప్యాసయింది, టీచరైంది, హెడ్మిస్ట్రెస్సుగా రిటైరైంది. ఆ రెండేళ్ళ గురించి నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు పిల్లలకు చెవిలోకి కావలసినంత ఇంగ్లీషు పోస్తున్నారు, చైనావాడి చెవిలోకి ఒంగోలు పిల్ల పోస్తోంది. సొంత మాటల్లో చెప్పు, అని బతిమాలుతోంది. మాకు ఒక్కసారే చదివేవాళ్ళు, మేమూ ఒక్కసారే చదివాము. మళ్ళీ వింటావా అని ఏ పిల్లవాణ్ణీ అడిగిన గుర్తు లేదు నాకు. అడగడం ఏమంత కష్టం కాదని ఇప్పుడు తెలుస్తోంది, ఎందుకంటే ఇప్పుడు ప్రతివాళ్ళనూ మళ్ళీ చెప్పమని అడిగేది నేనే. చెవిలో మిషను ఉన్నా సగం మాటలు జారిపోతాయి, అలసటొచ్చి తల ఊపేస్తాను. తల ఊపడం పాత అలవాటే కదా.

ఇక్కడిదాకా రాసి, అచ్చుకు ఇచ్చేముందు ఒకసారి వినిపించాలని మా మేనకోడలికి ఫోను చేసి మొత్తం చదివాను.  లైను తెగిందేమోనని, ఉన్నావా అమ్మాయ్, అన్నాను.

"ఉన్నా మావయ్యా. బాగానే రాశావు. ఎద్దులు, సాయిబు, తుమ్ములు, అన్నీ నిజమే."

"మరి?"

"ఊళ్ళో ఏమనుకుంటారోనని నువ్వు నన్ను ఆపలేదు. 'మాస్టారూ, రేపటినుంచి మీరూ ఈ పిల్ల పక్కన బెంచీలో కూచుని వినండి' అన్నాడు ఇన్స్పెక్టరు, క్లాసులో అందరి ముందూ. అందుకు ఆపావు."

"ఆ మాట నాకు అప్పుడు అందలేదే, ఆ ఇంగ్లీషు..."

"ఆయన తెలుగులోనే అన్నాడు మావయ్యా."