హవానాలో హవాయి చెప్పులు

తొమ్మిదో తరగతితో బడి మానేసిన నేను జీవితంలో ఫస్టు వచ్చింది ఒక్కచోటే, రేషన్ షాపు లైన్లో. అదీ నేను కాదు, నా హవాయి చెప్పులు. వాటిని షాపు ముందు వదిలి, ఎదురరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాణ్ణి. బస్సు కిటికీలోంచి సీటు మీదికి కర్చీఫు విసరడంలోనూ మా ఊళ్ళో నాకు పోటీ లేదు. అంత అనుభవం ఉన్నవాడికి క్యూబాలో ఒకడు లైను గురించి పాఠం చెప్పబోతే ఒళ్ళు మండదా?

చెప్పబోయినవాడు మెల్‌బోర్న్‌లో నాతోపాటు గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మిత్రుడు. హవానాలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తూ నన్నూ లాక్కుపోయాడు. మెల్‌బోర్న్ శివార్లలో, పాయింట్ కుక్‌లోని ఇంట్లో మా ఆవిడ, మా అమ్మాయి ఉండిపోయారు. ఆ వారంలోనే అమ్మాయికి డ్రైవింగ్ టెస్టు. కారు నేర్పింది నేనే.

"టెస్ట్‌కి ముందు కాల్ చెయ్యి నాన్నా. నీ వాయిస్ వింటే నెర్వస్ తగ్గుతుంది" అంది. ఒట్టేసి మరీ విమానం ఎక్కాను.

అక్కడ దిగాక నా ఆస్ట్రేలియా సిమ్ము మూగబోయింది. వాళ్ళకు ఉదయం తొమ్మిదింటికి టెస్టంటే హవానాలో ముందురోజు సాయంత్రం ఏడు. ఆ రోజే మిత్రుడు పక్క ఊళ్ళో ఉన్న పిన్నిని చూడటానికి బయల్దేరాడు, తన ఫోనుతో సహా. "టెలిఫోన్ ఆఫీసులో కొత్త సిమ్ము కొనుక్కో. వెళ్ళగానే అడగాల్సింది ఏంటంటే..." అంటుండగానే, "లైన్లు నాకు కొత్తా? నువ్వు బస్సు చూసుకో" అని సాగనంపాను.

రెండింటికల్లా ఆఫీసు ముందున్నాను. తీరా చూస్తే లైనే లేదు. జుట్టుకు రోలర్లు చుట్టుకున్న ముసలమ్మ ఒకామె మెట్టు మీద కూర్చుని అట్టముక్కతో విసురుకుంటోంది. నలుగురు మగాళ్ళు మోకాళ్ళ మీద చెక్క పలక పెట్టుకుని, చుక్కల బిళ్ళలు పేరుస్తూ డామినోలు ఆడుతున్నారు. ఒకడు వెల్లుల్లి దండలు మెళ్ళో వేసుకుని అమ్ముతున్నాడు. వీళ్ళకు లైను కట్టడం రాదు కాబోలనుకుని, దర్జాగా తలుపు ముందు మొదటివాణ్ణై నిలబడ్డాను.

తలుపు తెరుచుకుంది. నేను అడుగు వేసేలోగా ఎదురింటి బాల్కనీలోంచి ఒకావిడ దిగొచ్చి లోపలికెళ్ళిపోయింది! తర్వాత మంగలి కుర్చీలోంచి సగం గడ్డంతో ఒకడు. ఆ తర్వాత చేతికి పిండి అంటుకున్న మరొకావిడ, వంట మధ్యలో లేచొచ్చినట్టుంది. నేను తెలుగులో తిట్టాను, ఇంగ్లీషులో అరిచాను. కాపలావాడు చిరునవ్వుతో వేలు అడ్డంగా ఊపాడు.

ఎండ మాడు పగలగొడుతోంది. ఇక లాభం లేదని పాత విద్య బయటికి తీశాను. చెప్పులు గుమ్మం ముందు వదిలి నీడలోకెళ్ళాను. రెండు నిమిషాల్లో రోలర్ల ముసలమ్మ వాటిని పైకెత్తి, పారేసుకున్నవాళ్ళెవరని వీధంతా అడిగి, చివరికి నా బోసికాళ్ళు చూసి తెచ్చి తొడిగించబోయింది. దణ్ణం పెట్టి మళ్ళీ గుమ్మం ముందు పెట్టాను. మళ్ళీ తెచ్చింది. ఈసారి కసిరింది కూడా. అర్థం కాకపోయినా మా మేనత్త గొంతే.

ఐదింటికి తలుపు మూసేశారు. నేను దాన్ని బాదుతుంటే డామినోలవాళ్ళలో కాస్త ఇంగ్లీషు వచ్చినతను లేచొచ్చాడు.

"నువ్వు ఎవరి వెనక?"

"ఎవరి వెనకా కాదు! అందరికంటే ముందు! రెండింటి నుంచీ ఇక్కడే ఉన్నాను!"

"చూశాం. ఎవరికోసమో ఎదురుచూస్తున్నావనుకున్నాం."

అప్పుడు చెప్పాడు. రాగానే 'చివర ఎవరు?' అని అడగాలట. చెయ్యెత్తినవాళ్ళ మొహం గుర్తుపెట్టుకుంటే చాలట. ఆ తర్వాత ఇంటికెళ్ళి కూర వండుకున్నా, గడ్డం గీయించుకున్నా వాళ్ళ వెనక నీ వంతు నీదే. ఆ వీధిలో నేను తప్ప అందరూ లైన్లోనే ఉన్నారన్నమాట.

అతని ఫోనులో విదేశాలకు కాల్ పోలేదు. ముసలమ్మ ఫోనులోనూ పోలేదు. ఏడింటికి కరెంటు కూడా పోయింది. మిత్రుడి తల్లి చేతిలో పెట్టిన చిన్న కప్పు కాఫీ తాగకుండా, గోడ గడియారం కేసి చూస్తూ కూర్చున్నాను. ఆ సమయానికి మా అమ్మాయి కారులో, ఒళ్ళో ఫోను పెట్టుకుని కూర్చుందని తర్వాత మా ఆవిడ చెప్పింది.

టెస్టు తప్పింది. రౌండబౌట్ దగ్గర కంగారుపడి, ఆగకుండా దూరిపోయిందట.

ఇంటికొచ్చాక భోజనాల దగ్గర ఈ కథంతా అభినయించి చూపించాను. చెప్పుల ఘట్టానికి మా ఆవిడ పొలమారేదాకా నవ్వింది. అమ్మాయి మాత్రం ప్లేటులోంచి తలెత్తలేదు.

"నవ్వవేంటమ్మా? మూడు గంటలు ఎండలో..."

"ఇట్స్ నాట్ న్యూ నాన్నా. నా స్కూల్ కాన్సర్ట్‌లో కూడా నీ సీట్లో నీ కోటే కూర్చుంది."