సవరణ చీటీల జోగారావు గారు

జోగారావు గారి కంటికి లోకంలో ఏ కాగితమూ పూర్తయినట్టు కనిపించదు. దానికో సవరణ చీటీ అంటిస్తే గానీ ఆయనకు అన్నం సయించదు.

ముప్పై ఏళ్లు ఖైరతాబాద్‌లో ఓ ఆఫీసు న్యాయగ్రంథాలయంలో చేశారు. చట్టం మారినప్పుడల్లా అచ్చయి వచ్చే చీటీని కత్తిరించి, పాత పుస్తకంలో సరిగ్గా ఆ సెక్షను మీద అంటించడమే ఉద్యోగం. రిటైరయ్యాక ఉద్యోగం పోయింది గానీ జేబులో గమ్ము సీసా పోలేదు. టిఫిన్ సెంటర్ బోర్డు మీద "ఇడ్లీ: రద్దు చేయడమైనది" అని అంటించి వచ్చిన మహానుభావుడు!

వాళ్లావిడ అరుణాదేవి గారు నాతో మొరపెట్టుకున్నారు. "మా పెళ్లి ఫొటోని కూడా వదల్లేదు డయానా! 'వరుని జుట్టు తొలగించడమైనది' అని అంటించారు."

2001లో జోగారావు గారు మైత్రీవనం దగ్గర మా ఆఫీసులో చేరారు. చుట్టూ జావా, ఒరాకిల్ కోర్సుల బోర్డులు. మధ్యలో మేం పదిమందిమి దేశంలోని చట్టాలన్నీ తెలుగులో కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం. ఎవరైనా నెట్ సెంటర్లో కూర్చుని చదువుకోవచ్చన్నమాట. మేం టైపు చేసింది ఆయన సరిచూడాలి.

సరిచూడడమా? చంపుకుతిన్నారు!

"బుక్కుల ఉన్నది ఉన్నట్టు కొట్టిన సార్. మళ్ల గీ చీటీలేంది?" అని మా టైపిస్టు సారయ్య లబోదిబోమనేవాడు.

"ఇది మారిపోయిన చట్టమయ్యా. ఇప్పుడున్నది కొట్టు."

అలా మా వెబ్‌సైటు ప్రారంభోత్సవం రెండుసార్లు వాయిదా పడింది. మా ఓనరు ఆయన్ని, ఆయన గమ్ము సీసాని కలిపి తిట్టని రోజు లేదు. అబద్ధం ఎందుకు, నేనూ తిట్టాను.

ఒకరోజు సారయ్య మొహం వేలాడేసుకుని వచ్చాడు. వాడి భార్య భూలక్ష్మి పంజగుట్టలో ఓ బట్టల షాపులో పనిచేస్తోంది. ఎనిమిదో నెల.

"కాన్పు లీవు అడిగితే మేనేజర్ చట్టం బుక్కు తీసిండు సార్. నూట అరవై రోజులు పని చెయ్యాల్నంట. గీమెకు నూట పదే అయినయ్. ఇంటికి పో, మళ్ల రాకు అన్నడు."

జోగారావు గారు కళ్లజోడు పైకి తోశారు. "ఎనభై రోజులు చాలని మొన్ననే కొట్టావు కదయ్యా!"

"ఎవరు సార్?"

"నువ్వే! నాలుగుసార్లు వెనక్కిచ్చాను, నాలుగోసారి సరిగ్గా కొట్టావు."

"కొట్టేటోనికి చదివే టైమేడిది సార్?" అన్నాడు సారయ్య. నిజమే. పెళ్లాం ఉద్యోగం నిలబెట్టే ముక్క తన చేత్తోనే కొట్టి, చదవకుండా పక్కన పడేశాడు.

భూలక్ష్మిని వెంటబెట్టుకుని నలుగురం పంజగుట్ట వెళ్లాం. మేనేజరు రాజనర్సయ్య ఎర్రట్ట పుస్తకం బల్ల మీద పడేశాడు. "మా వకీల్ ఇచ్చిన బుక్కు పెద్దాయనా. సూడుండ్రి."

"పుస్తకం దివ్యంగా ఉందండీ. ఒక్క చీటీ పన్నెండేళ్లుగా బాకీ." గెజిటు నకలు చూపించి, చీటీ కత్తిరించి, షాపులో పనిచేసే ఆడపిల్లలంతా చూస్తుండగా అంటించి, ఉఫ్ మని ఊదారు. రాజనర్సయ్య వకీలుకి ఫోన్ చేశాడు. రెండు నిమిషాలు "ఆఁ... ఆఁ..." అని విని పెట్టేశాడు.

"భూలక్ష్మీ, లీవు కాగితం రాసియ్యి బిడ్డా. జీతం సుత వస్తది. ఫికర్ చెయ్యకు."

షాపంతా చప్పట్లు! మేనేజరు తల దించుకున్నాడు.

"ఆయన తప్పేం లేదమ్మా, పుస్తకం పాతది," అన్నారు జోగారావు గారు గట్టిగా, అందరికీ వినపడేలా. అంతే, రాజనర్సయ్య ప్రాణం లేచొచ్చి అందరికీ చాయ్ తెప్పించాడు.

తిరిగొస్తూ అడిగాను, ఎందుకండీ ఇంత పట్టుదల అని.

"ఉద్యోగం కొత్తలో ఓ చీటీ అంటించడానికి బద్ధకించానమ్మాయ్. ఆ పాత ముక్క చూసే ఒకావిడ కేసు వదులుకుంది. ఆవిడ పేరు కూడా నాకు తెలీదు," అన్నారు. ఆయన్ని తిట్టినందుకు నాకు సిగ్గేసింది.

నెల తిరక్కుండానే ప్రారంభోత్సవం. ముఖ్య అతిథి కోసం ఓనరు వెల్వెట్ కుర్చీ వేయించాడు. అతిథి కంటే ముందు, బట్టల షాపు నుంచి పదకొండుమంది ఆడపిల్లలు మెట్లెక్కి వచ్చారు.

"మా గురించి ఇంకేమేం రాసిన్రో జర చూపెట్టుండ్రి సార్!"

జోగారావు గారు ఆ వెల్వెట్ కుర్చీనే కంప్యూటర్ ముందుకు లాగారు. నిండు చూలాలు భూలక్ష్మి అందులో కూర్చుని, సెక్షన్లు గట్టిగా చదవడం మొదలెట్టింది. కాసేపటికి ముఖ్య అతిథి వచ్చి, వెనక నిలబడి విన్నాడు. ఆమెను లేవమనే ధైర్యం ఓనరుకి కూడా లేకపోయింది.