కర్టెన్ల మేస్త్రీ కుట్టిన జెండాలు

చొక్కా కుట్టమంటే కర్టెన్ల మేస్త్రీ చేతులెత్తేస్తాడు. ఆస్పత్రి వార్డులకీ హోటల్ గదులకీ తెరలు కుట్టడమే ఆయన పని. కొలత ఎప్పుడూ తప్పదు, నోరు ఎప్పుడూ ఆగదు.

కొన్నాళ్లుగా ఆ నోటికి దొరికిన మేత పక్కనున్న పెద్ద దేశం. "వాళ్లొచ్చి నాలుగు తగిలిస్తే గానీ మన మంత్రులు దారికి రారు" అనేవాడు మిషను తొక్కుతూ.

సాయంత్రం టీకి వచ్చే తమ్ముడికి ఆ మాట గిట్టేది కాదు. స్కూలు బస్సు డ్రైవరతను. "నువ్వూ వదినా పోట్లాడుకుంటుంటే ఎదురింటి వస్తాదు తలుపు బద్దలుకొట్టుకుని వస్తే ఊరుకుంటావా అన్నయ్యా?"

"వస్తే మీ వదినే కూచోబెట్టి టీ ఇస్తుంది."

"ఇస్తాను. ముందు మీకు రెండు తగిలించమని కూడా చెప్తాను" అంది భార్య లోపల్నుంచి.

ఆ రోజుల్లోనే ఒక కాంట్రాక్టరు వచ్చి పరుగెత్తే గుర్రం బొమ్మతో ఉండే పెద్ద దేశం జెండాలు మూటలకొద్దీ కావాలన్నాడు. ఫుట్‌బాల్ మ్యాచ్‌కట. మేస్త్రీ జన్మలో జెండా కుట్టలేదు. చేతి అలవాటు కొద్దీ, కర్ర దూర్చే మడత పక్క అంచుకు పెట్టాల్సింది పోయి, కర్టెన్‌కి పెట్టినట్టు పై అంచుకు పెట్టేశాడు. కాంట్రాక్టరు విప్పి చూడకుండానే పట్టుకుపోయాడు.

ఆ తర్వాతి వారం వంతెన దగ్గర పెద్ద దేశం ట్రక్కు మీద ఎవరో కాల్పులు జరిపారు. తెల్లారేసరికి ఆ దేశపు సైన్యం వంతెన దాటింది.

"కాల్పుల వార్త వినగానే జనం రాత్రికి రాత్రి తమ చేతులతో కుట్టుకున్న జెండాలివి" అంటోంది టీవీ. రోడ్డుకి రెండు పక్కలా జెండాలే. ప్రతి జెండాలోనూ పరుగెత్తాల్సిన గుర్రం తోక మీద నిలబడి ఉంది.

మేస్త్రీ మిషను ఆపి టీవీ దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

"అవి మీరు కుట్టినవే" అంది భార్య. "కాల్పులు జరక్కముందే జెండాలు ఎందుకు కుట్టించారండీ?"

అంతలో ఫోను మోగింది. సైన్యానికి అడ్డంగా బస్సు నిలిపినందుకు తమ్ముణ్ణి పట్టుకుపోయారు. కాల్పులు జరిపిన ముఠాలో మనిషని రాసేశారట.

మధ్యాహ్నం కాంట్రాక్టరు కెమెరావాళ్లను వెంటబెట్టుకుని కొట్టు దగ్గరికి వచ్చాడు. "వార్త విన్నాకే రాత్రంతా కూర్చుని కుట్టానని చెప్పు మేస్త్రీ. చీకటి పడేలోగా తమ్ముడు ఇంట్లో ఉంటాడు."

మేస్త్రీ చెప్పాడు. తడబడితే ఇంకోసారి చెప్పించారు. వెళ్తూ కాంట్రాక్టరు గుడ్డల మూట ఒకటి పడేశాడు. "ఈసారి మడత పక్క అంచుకే పెట్టు. ఇవి మనకి అటువైపున్న ఇంకో చిన్న దేశంలో పంచడానికి."

"అక్కడ ఏం జరిగింది?"

"ఇంకా ఏం జరగలేదు" అన్నాడతను, చాలా మామూలుగా.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. పెదవి చిట్లి వాచిపోయింది. గడప దాటి లోపలికి రాలేదు. క్యాంపులో టీవీ ఉందట, అన్న మాట్లాడిందంతా కూర్చోబెట్టి మరీ చూపించారట. వదిన గ్లాసు అందించబోతే చెయ్యి చాపలేదు. మిషను పక్కనున్న కొత్త మూట వైపు చూస్తూ అడిగాడు.

"వస్తాదు టీ తాగి వెళ్లాడా అన్నయ్యా?"