తనంతట తాను నడిచే లెక్క

మా ఆఫీసులో అందరూ ఆమెను సుడులక్క అంటారు. గాలి, నీరు అల్లకల్లోలంగా పారేటప్పుడు లేచే సుడులను కంప్యూటరులో లెక్కగట్టడం ఆమె పని. నాది పక్క బల్ల. ఆమె నిట్టూర్పులన్నీ ముందు నా చెవినే పడతాయి.

ఆ ప్రోగ్రాము ప్రవాహాన్ని చిన్న చిన్న గళ్లుగా కోస్తుంది. సుడి బిగిసిన చోట గళ్లను ఇంకా సన్నగా చేసుకోవాలి. ప్రవాహం నున్నగా ఉన్నంతసేపు పెద్ద ఘాతాల సూత్రం వాడుకోవచ్చు, లెక్క మరింత కచ్చితంగా వస్తుంది. అది ఉన్నట్టుండి మారే చోట మాత్రం ఘాతం తగ్గించుకోవాలి. లేకపోతే అంకెలు ఊగి ఊగి లెక్క పేలిపోతుంది. ఇదంతా ప్రోగ్రాము తనంతట తానే చేసుకుంటుందని డైరెక్టరుగారు ఊరూరా చెప్పి వచ్చారు. శుద్ధ అబద్ధం! అది పసిగట్టేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఏ మూల అంకెలు వణుకుతున్నాయో తెర మీద చూసి, ఘాతం తగ్గించేది అక్క. మొదట్లో ఏదో గడువు గట్టెక్కించడానికి, ఈ ఒక్కసారికే అనుకుని చేసింది. తర్వాత అదే ఆమె ఉద్యోగమైంది.

అక్క భర్త, కూతురు వేరే ఊళ్లో ఉంటారు. అక్కడి శాఖకు బదిలీ అడిగితే, "నువ్వెళ్తే ఇది నడవదమ్మా" అనేవారు డైరెక్టరుగారు. పోనీ ప్రమోషన్ అడిగితే, "అది దానంతటదే నడుస్తుంది కదమ్మా, నువ్వు చేసేదేముంది?" అనేవారు. రెండు మాటలూ ఆ ఒక్క నోటివే. నాకు ఒళ్లు మండేది. అక్క మాత్రం అడకత్తెరలో పోకచెక్కలా నలిగేది.

"నిజం చెప్పెయ్యక్కా."

"చెప్తే ప్రాజెక్టు మూసేస్తారు. ఇంతమంది పొట్ట కొట్టమంటావా?"

కూతురిని బడిలో చేర్చే రోజున కూడా సెలవు దొరకలేదు.

కొన్నాళ్లకు పైఆఫీసు నుంచి ఒక పెద్దాయన, డైరెక్టరుగారిని వెంటబెట్టుకుని, ప్రోగ్రాము చూడటానికి వచ్చారు. అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెర మీద సుడులు అందంగా విచ్చుకున్నాయి. ఒక మూల అంకెలు వణికాయి. ఆమె చేతులు కదల్లేదు. చూస్తుండగానే లెక్క పేలి ఆగిపోయింది.

"ఇది తనంతట తాను నడవదండీ," అంది లేచి నిలబడి. "ఇన్నేళ్లూ నేనే చేత్తో నడిపాను."

పనిలోంచి తీసేస్తారనుకున్నాం. తీసేస్తే భర్తా కూతురూ ఉన్న ఊరికి వెళ్లిపోవచ్చని అక్క ఆశ.

"చేత్తోనా!" పెద్దాయన నోరెళ్లబెట్టారు. "ఇలాంటి మనిషిని పొరపాటున కూడా వదులుకోకండి."

"నేను మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నానండీ," అన్నారు డైరెక్టరుగారు, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

వారం తిరక్కుండా ప్రమోషన్ వచ్చింది. ప్రాజెక్టు ఉన్నంతకాలం బదిలీ కుదరదని అందులోనే రాశారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అంతలో కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, నువ్వు పెద్దాఫీసరువి అయ్యావంట కదా! ఇంక ఎవర్నీ అడగక్కర్లేదుగా, వచ్చేస్తావా?"

అక్క ఫోను నా చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయింది.