మెడలో అట్ట

నిన్న లిఫ్టులో ఒక పాప మెడలో స్కూలు కార్డు చూడగానే నా మెడ వెనక దురద పుట్టింది.

ముంబై కామాఠీపురాలో, గదికో కుటుంబం ఉండే మా చాల్ కింది గదిలో ఒక మాస్టారు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పేవారు. లోపల తెలుగు మాట్లాడితే మెడలో తాడు కట్టిన అట్ట వేయించేవారు. ఇంకొకరు దొరికేదాకా దాన్ని మోయాలి. మొదటి రోజే లీడర్ సరోజ నాకు వేసింది. దాని మీది ఇంగ్లీషు చదవడం రాక బహుమతి అనుకున్నాను. గదుల ముందున్న గ్యాలరీ అంతా తిరిగి చూపించాను.

"ఓ పిచ్చిదానా, అది గాడిదలకేస్తరే!" అని బయట సరోజ పడీపడీ నవ్వింది. చాల్ అంతా నవ్వింది.

పగబట్టాను. ట్యూషన్‌లో సరోజ నోట తెలుగు రాదు. కానీ మా చాల్‌లో నల్లా నీళ్లొచ్చే వేళ ఎవరికీ తెలియదు. వస్తే ఎవరైనా పరుగెత్తాల్సిందే. మర్నాడు పాఠం మధ్యలో "వాటర్ కమ్!" అని అరిచాను.

"అమ్మా, హండా పెట్టు! నల్లా వచ్చింది!" అంటూ సరోజ గుమ్మం దాకా ఉరికింది. మాస్టారు కూడా భార్యకు కేకేశారు. "ఏమే, బాల్టీ తియ్యి, జల్ది!"

నల్లా పొడిగా ఉంది. నా మెడలోని అట్ట తీసి సరోజ మెడలో వేశాను. ఆమె ఏడుస్తుంటే, నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి "లాఫ్!" అన్నాను.

పగ తీరిందనే చాలా ఏళ్లు అనుకున్నాను. సరిగ్గా లెక్కేస్తే ఆ రోజు చిక్కిన మెడలు రెండు. ఆ రూలు పెట్టిన మెడ వైపు నా చూపే పోలేదు. తాడు ఆయనకూ సరిపోయేది. ఇప్పటికీ కడుపు మండేది అందుకే.