కాటా అక్కయ్య

మనస్తత్వశాస్త్ర విభాగంలో ఆవిణ్ణి అందరూ కాటా అక్కయ్య అంటారు. తిండి మీద పరిశోధనకు వచ్చినవాళ్ళ ముందు బిస్కెట్ల పళ్ళెం పెట్టి, రుచికి మార్కులు వేయమని చెప్పి, తలుపు దగ్గరగా వేసి వస్తుంది. రుచి వట్టి సాకు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరెంత తింటారన్నదే అసలు సంగతి. అందుకే పళ్ళాన్ని ముందొకసారి, తర్వాతొకసారి తూస్తుంది. తన లావుపాటి ఒంటిని వదులు కోటులో దాచుకుని, పదిమందిలో టీ తప్ప ఏమీ ముట్టదు. "మా అక్కయ్య గాలి పీల్చి బతుకుతుంది" అని గుమాస్తా ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకుంటుంది. పళ్ళెం తెచ్చి తూచే నడవాలో మాత్రం ఎవరూ ఉండరు. తూచాక, మిగిలినవాటిలో రెండు మూడు అక్కడే గబగబా నోట్లో వేసుకుంటుంది.

ఆ రోజు ఆకలికి ఆగలేక, తూచకముందే నాలుగు తినేసింది. కాటా మీద అంకె చూశాక గాని చేసిన పొరపాటు తెలియలేదు. ఆ అంకెనే రాసి, పరిశోధన నడిపే మేడమ్‌కి ఇచ్చింది.

"అయిదు తిన్నావమ్మా," అన్నారు మేడమ్, ఎదురుగా కూర్చున్న బొద్దుపిల్లతో.

"ఒకటేనండీ."

"అందరూ అలాగే అంటారు. తిన్నది సగమే గుర్తుంటుంది."

ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడ్డ అక్కయ్యను చూసింది. "పళ్ళెం మీరే తీశారు కదక్కా, చెప్పండి."

"కాటా అబద్ధమాడదమ్మా," అంది అక్కయ్య.

పిల్ల చొక్కాను పొట్ట మీదికి లాక్కుంటూ లేచింది. "అయితే తినే ఉంటాను. మా అమ్మా ఇదే అంటుంది." గుమ్మం దగ్గర ఆగి, "ఏమనుకోకండక్కా, కావాలని అబద్ధం చెప్పలేదు," అంది.

తలుపు గొళ్ళెం వైపు చూస్తూ, "పర్లేదమ్మా," అంది అక్కయ్య.